వెనక కాళ్ళు లేని దోమ

మా అక్క దోమలు పెంచుతుంది. ఈ మాట చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు. నేను నవ్వడం లేదని గమనించాక "ఎందుకూ?" అంటారు. ఎందుకేమిటి నా మొహం, అది ఆవిడ ఉద్యోగం. కొందరి అక్కలు బడిలో పాఠాలు చెబుతారు, కొందరు ఆస్పత్రిలో సూదులు వేస్తారు. మా అక్క దోమల ఆఫీసులో ఒక్కో దోమనీ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా కంటికి రెప్పలా కాపాడి, ఆ తర్వాత చంపి పిన్నుకి గుచ్చుతుంది. నాది టైర్ల కొట్టు. పంక్చర్లు వేస్తాను, పాత టైర్లు కొని అమ్ముతాను. దోమల అక్కకి టైర్ల తమ్ముణ్ణి ఇచ్చిన దేవుడికి వేళాకోళం బాగా ఎక్కువ.

ఎందుకంటే టైరుని పడుకోబెట్టినా నిలబెట్టినా, వాన పడితే దాని కడుపులో గుక్కెడు నీళ్ళు మిగిలి తీరతాయి. ఆ గుక్కెడూ చాలు, దోమలకి అదే పురిటిగది. ఈ విషయం మీద అక్క నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. "నీ కొట్టొక్కటి చాలురా, ఊరందరికీ జ్వరాలు పంచడానికి" అనేది. "అలాగేలే అక్కా, పారబోస్తాను" అనేవాణ్ణి. పారబోసేవాణ్ణి కాదు. ముక్కు మీద కోపం, ఒంటినిండా బద్ధకం, రెండూ నాకు పుట్టుకతోనే వచ్చాయి. చివరికి అక్క విసిగిపోయి ఆ పని మా బావకి అప్పజెప్పింది.

బావ ఉద్యోగమూ ఆ ఆఫీసులోనే. కాకపోతే ఆయనది బయట తిరిగే పని. వల, గరిటె, గాజు గొట్టాలు సంచిలో వేసుకుని గుంటలూ కాలవలూ తోటలూ తిరిగి దోమల్నీ వాటి పిల్లల్నీ పట్టుకొచ్చి అక్క బల్ల మీద పెట్టేవాడు. వాళ్ళ పెళ్ళి కుదిరిందీ ఆ బల్ల దగ్గరే. "మీ బావ నాకు మొట్టమొదట ఇచ్చింది చచ్చిన దోమరా, అదీ రెక్క విరిగింది" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఆదివారం పొద్దున్నే బావ నా కొట్టుకొచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కో టైరూ ఎత్తి కాలవలోకి ఒంపేసేవాడు. అడుగున ఉన్నదాన్ని కూడా వదిలేవాడు కాదు. మామూలు దోమ గుడ్డులోంచి వచ్చి రెక్కలు తొడగాలంటే ఎంత తొందరపడ్డా వారం పడుతుందిట. అందుకని వారానికోసారి ఒంపేస్తే ఇక ఏదీ ఎగరదు. పనయ్యాక చేతులు కడుక్కుని, టైర్ల మీదే చతికిలబడి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగి వెళ్ళేవాడు. ఒక్క ఆదివారం కూడా నన్ను తిట్టలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

అక్క పనిచేసే గది చిన్నది. తలుపు తీయగానే వెచ్చటి చెమ్మ మొహానికి తగులుతుంది. గోడల పొడుగునా అరలు, అరల్లో చిన్న చిన్న సీసాలు, ప్రతి సీసాకీ దూదిమూత. సీసాకి ఒక్క పురుగు. పుస్తకాల్లో డింభకం అంటారు, ఆఫీసులో లార్వా అంటారు. అది పెరిగే కొద్దీ ఒంటి మీది చర్మం చాలక, పాములాగా కుబుసం విడుస్తుంది. అలా విడిచి విడిచి చివరికి వంకర తిరిగి ప్యూపా అవుతుంది. ప్యూపాకి నోరుండదు, తిండి అక్కర్లేదు, మూడేళ్ళ పిల్లాడిలా దొర్లుతూ మాత్రం ఉంటుంది. దాని కుబుసం కూడా చీలితే దోమ. లార్వా ఆఖరుసారి విడిచిన కుబుసం, ప్యూపా కుబుసం, పిన్ను మీది దోమ, ఈ మూడింటికీ అక్క ఒకే నంబరు వేస్తుంది.

"ఎందుకే అక్కా ఈ చెత్తంతా దాచడం?" అని ఒకసారి అడిగాను.

"చెత్త నీ కొట్లో ఉంది. పిల్లకీ తల్లికీ వీసమెత్తు పోలిక ఉండదురా వీటికి. ఈ పిల్ల ఈ తల్లిదే అని చెప్పాలంటే ఈ కుబుసాలే సాక్ష్యం. ఇవి పోతే అది అనాథ" అంది.

వెక్కిరిద్దామని మళ్ళీ నోరు తెరిచాను. అక్క నా మెడ పట్టుకుని మైక్రోస్కోప్ మీదికి వంచింది. "ముందు చూడు, తర్వాత వాగు" అంది. చూశాను. రోజూ చప్పుమని అరచేత్తో చంపే దోమ. దాని ఒంటి నిండా సీతాకోకచిలుక రెక్క మీద ఉన్నట్టు పొలుసులు, నలుపూ తెలుపూ వెండీ, ఒక్కటి కూడా వరస తప్పలేదు. ఇంత పనితనం ఎవరు చూస్తారని? నోరెళ్ళబెట్టి అలాగే ఉండిపోయాను. ఆ రోజంతా నేను ఒక్క దోమని కూడా కొట్టలేదు. మర్నాడు కొట్టాననుకోండి.

ఆ పొలుసుల్ని బట్టే వాటికి పేర్లు పెడతారుట. మలేరియా మోసేది తోక పైకెత్తి వాలుతుంది, దాని పిల్ల నీటి పైపొరకి ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది. మిగతావాటి పిల్లలు తలకిందులుగా వేలాడి తోక దగ్గరి గొట్టంతో గాలి పీలుస్తాయి. పెద్ద కుటుంబం, అందులో శాఖలు, శాఖలో జాతులు. ఈ జాతికీ ఆ జాతికీ తేడా ఒక్కోసారి కాలి మీది తెల్లపట్టీ. ఆ పట్టీ ఏ కణుపు మీద ఉంది, ఎంత వెడల్పుంది, అంతే. కాలు పోతే పేరు పోయినట్టే. ఈ సంగతి బావకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు పాపం.

ఒక ఆదివారం టైర్లన్నీ ఒంపేసి టీ తాగుతున్నాడు. ఎక్కడినుంచో ఒక పెద్ద దోమ వచ్చి ఆయన పక్కనే టైరు మీద వాలింది. మామూలు దోమకి రెండింతలుంది. ఒళ్ళంతా నీలం, కదిలితే పచ్చదనం మెరుస్తోంది. మూతి కిందికి వంగి ఏనుగు తొండంలా ఉంది. నేను అలవాటు కొద్దీ చెయ్యెత్తాను. "ఆగరా బావమరిదీ!" అని బావ నా చెయ్యి పట్టేసుకున్నాడు. సెలవురోజు కదా, గాజు గొట్టాల సంచి ఇంట్లో ఉంది. ఏం చెయ్యాలో తోచక మిగిలిన టీ గటగటా తాగేసి, గ్లాసు దాని మీద బోర్లించాడు. దోమ చిక్కింది. గ్లాసు అంచు కింద పడి వెనక కాళ్ళు రెండూ తెగిపోయాయి.

ఆ కాళ్ళ కోసం మేమిద్దరం మోకాళ్ళ మీద పాకుతూ వెతికాం. వెంట్రుక కన్నా సన్నటి నల్ల కాళ్ళు, నల్ల టైర్ల మధ్య, మట్టిలో. దొరుకుతాయా? "ఊళ్ళో దోమలన్నీ పట్టినవాణ్ణి, ఇంట్లో వంటమనిషిలా గ్లాసు బోర్లించానేమిట్రా!" అని బావ తల పట్టుకున్నాడు.

దాన్ని ఏనుగు దోమ అంటారుట. అది మనిషిని కుట్టదు. పూలల్లో తేనె తాగి బతుకుతుంది. దాని పిల్ల మాత్రం మిగతా దోమల పిల్లల్ని పట్టి తింటుంది. ఏనుగు దోమల్లోనూ చాలా రకాలున్నాయి. ఇది ఆడది, ఏ రకమో చెప్పాలంటే వెనక కాళ్ళ పట్టీలు చూడాలి. అవే లేవు. అందుకని పిన్నుకి గుచ్చి, కింద చీటీ మీద "ఏనుగు దోమ, ఆడది, రకం తెలియదు" అని రాసి సొరుగులో పెట్టారు. బావకి మాత్రం అది ఎవరూ చూడని కొత్తరకమనే నమ్మకం. ఇది చెట్టుతొర్రల్లో నిలిచిన నీళ్ళలో పుట్టే జాతి, తోటల్లోంచి దారి తప్పి కొట్టుకొచ్చింది, దాని పిల్ల ఒక్కటి దొరికితే అక్క చేత పెంచించి తేల్చేస్తాను అనేవాడు. ఇక చూడండి, కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగాడు. కనిపించిన ప్రతి తొర్రలో రబ్బరు గొట్టం పెట్టి నీళ్ళు పీల్చేవాడు. ఒకసారి తేళ్ళు వచ్చాయి, ఒకసారి తేనెటీగలు వచ్చాయి, ఏనుగు దోమ పిల్ల రాలేదు. ఏళ్ళు గడిచాయి. ఆదివారం ఆదివారం నా టైర్లు ఒంపడం మాత్రం మానలేదు.

తర్వాత ఆయనకి గుండెజబ్బు పట్టుకుంది. ఆస్పత్రి మంచం మీద కూడా అదే ధ్యాస. "అది దొరికితే పెంచుతావు కదూ?" అని అక్కని అడిగాడు. "ముందు మీరు లేచి కూర్చోండి, దోమ సంగతి తర్వాత" అని అక్క కసిరింది. ఆయన లేవలేదు. పెంచుతానని ఆ రోజు ఒక్కమాట అని ఉంటే ఏం పోయేదని అక్క చాలా రోజులు కుమిలిపోయింది.

బావ పోయాక నా టైర్లు ఎత్తేవాళ్ళు లేరు. అక్కకి కొట్టు వైపు రావడానికి మనసొప్పలేదు. వానలు మొదలయ్యాయి. నేను యథాప్రకారం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. ఒకరోజు ఒకాయన ట్రాక్టరు టైరు కావాలంటే మూలనున్న పాతదాన్ని లేవదీశాను. లోపల నీళ్ళు గలగలమన్నాయి. ఒంపబోతూ చూద్దును కదా, తుప్పు రంగులో ఒక లావుపాటి పురుగు, ఒంటి నిండా బిరుసు వెంట్రుకలు, ఇంకో పురుగు మెడ పట్టుకుని నములుతోంది. నా ఒళ్ళు జలదరించింది. అంతలో బావ మాట గుర్తొచ్చింది. ట్రాక్టరాయన్ని రేపు రమ్మని పంపేసి, చేతికందిన టీ గ్లాసుతో దాన్ని నీళ్ళతో సహా తోడుకుని, గ్లాసు మీద అరచెయ్యి మూసి దోమల ఆఫీసుకి పరిగెత్తాను.

అక్క గ్లాసులోకి చూసింది. కుర్చీలో కూలబడింది. "ఎక్కడ దొరికిందిరా?" అంది. చెప్పాను. టైర్లు పారబోయనందుకు తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. వాళ్ళ ఆఫీసరు గారొచ్చి మైక్రోస్కోప్‌లో చూశారు. నెమ్మదైన మనిషి.

"ఏనుగు దోమ పిల్లేనమ్మా. కానీ పిల్లని చూసి మీ ఆయన దోమ రకమేనని చెప్పలేం. ఇది పెద్దదవ్వాలి. ఆడదైతే ఆ దోమ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు, వెనక కాళ్ళు చూసి పేరు తేల్చొచ్చు. మగదైతే కష్టం. మధ్యలో చస్తే ఏమీ లేదు" అన్నారు.

"ఇంకోటి దొరకదా?" అన్నాను. మిగతా టైర్లన్నీ ఆ సాయంత్రమే వెతికాం. మామూలు దోమ పిల్లలు కుప్పలు, ఇలాంటిది ఇంకొక్కటి లేదు. ఉన్నా ఇదే తినేసి ఉంటుందిట. తోబుట్టువుల్ని కూడా వదలదుట. "మన ఇంట్లో నేనే నయం" అంటే అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

అది పెరిగింది చూడండి, ఏం చెప్పను! అక్క రోజూ మామూలు దోమ పిల్లల్ని వేస్తుంటే గుటుక్కున మింగేది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పక్క సీసాల్లో వాళ్ళంతా రెక్కలొచ్చి పిన్నుల మీదికి పోయారు, ఇది మాత్రం ఇంకా తింటూనే ఉంది. నేను రోజూ కొట్టు కట్టేసి దాన్ని చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ "వదిన గారి దోమకి ఇచ్చే టైము నాకిస్తే ఇల్లు బాగుపడును" అంది.

అప్పుడొక వింత జరిగింది. ఉన్నట్టుండి అది తిండి మానేసింది. కానీ చంపడం మానలేదు. వేసిన పిల్లల్ని వేసినట్టే కొరికి వదిలేస్తోంది. సీసా అడుగున శవాలు పేరుకుంటున్నాయి. తర్వాత చంపడం కూడా మానేసి కదలకుండా పడిపోయింది. పుల్లతో తాకితే ఎప్పటికో చిన్నగా మెదిలేది. అక్క ముఖాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

ఆఫీసరు గారు పిలిచి కూర్చోబెట్టారు. "అమ్మా, ఇది ప్యూపా అవ్వబోతోందో, చావబోతోందో నాకూ తెలియడం లేదు. ఈ రకాన్ని నేనెప్పుడూ పెంచలేదు. చచ్చి కుళ్ళిందంటే చేతికేమీ రాదు. ఇప్పుడే స్పిరిట్‌లో వేస్తే కనీసం లార్వా అయినా మిగులుతుంది. మీ ఇష్టం" అన్నారు.

స్పిరిట్‌లో వేస్తే పిల్ల దక్కుతుంది, బావ దోమ సంగతి మాత్రం ఎప్పటికీ తేలదు. అక్క స్పిరిట్ సీసా మూత తీసి పక్కన పెట్టుకుంది. చాలాసేపు అలాగే కూర్చుంది. "నువ్వేమంటావురా?" అని నన్నడిగింది. దోమల గురించి నన్ను సలహా అడగడం అదే మొదలు.

"నాకేం తెలుసక్కా? బావయితే ఏం చేసేవాడు?" అన్నాను.

"ఆయనా! గ్లాసు బోర్లించేవాడు" అని అక్క మూత పెట్టేసింది. "ఆ తొందరే కదా కొంప ముంచింది. నేను ఆగుతాను" అంది.

మర్నాడు పొద్దున చూస్తే సీసాలో ఒక కుబుసం తేలుతోంది, దాని పక్కన వంకర తిరిగిన పెద్ద నల్లటి ప్యూపా. అక్క ఆ కుబుసాన్ని బ్రష్షు కొసతో ఎత్తి స్పిరిట్‌లో పెడుతూ ఏడ్చింది. తినకుండానే అది మిగతా పిల్లల్ని ఎందుకు చంపిందో అప్పుడు అర్థమైంది మాకు. ప్యూపాకి నోరు లేదు, పోట్లాడే శక్తి లేదు. అందుకని ముందే చుట్టూ ఉన్న శత్రువులందర్నీ తుడిచేసి అప్పుడు ప్యూపా అయింది. ఎవరు చెప్పారండీ దానికి, రేపు నీకు నోరుండదు అని?

సెలవురోజు పొద్దున అక్క ఫోను చేసింది. "కొట్టు మూసి రా. ఇవాళ వచ్చేటట్టుంది." పరిగెత్తాను. ఆఫీసులో మేమిద్దరమే. వంకరగా వేలాడే ప్యూపా నీటి మీద నిటారుగా సాగింది. వీపు మీద గీత గీసినట్టు చీలిక పడింది. ఆ చీలికలోంచి నీలం మెరుపొకటి పైకి లేచింది. తల వచ్చింది, తొండం వచ్చింది. "మీసం చూడు, గుబురుగా లేదు. ఆడదిరా!" అంది అక్క నా భుజం గిల్లుతూ. ముందు కాళ్ళు వచ్చాయి, మధ్య కాళ్ళు వచ్చాయి. వెనక కాళ్ళు రాలేదు.

"చిక్కుకున్నాయా?" అన్నాను.

"మాట్లాడకు. ఒక్కోసారి కాళ్ళు కుబుసంలోనే ఉండిపోయి చస్తాయి" అంది.

నీళ్ళలో పుట్టి, నీళ్ళలో పెరిగింది. ఇప్పుడు ఆ నీళ్ళు రెక్కకి తగిలితే దాని పని అయిపోయినట్టే. తన ఒంటి మీద నుంచి విడిచిన తొక్కే పడవగా దాని మీద నిలబడి, ఊగుతూ, మెల్లిగా లాగుతోంది. ఆగింది. మళ్ళీ లాగింది. ఒక కాలు వచ్చింది. ఇంకో కాలు వచ్చింది. పొడుగ్గా, నల్లగా, కణుపు మీద పాలతో గీసినట్టు తెల్లటి పట్టీ. అది ఆ కాళ్ళు రెండూ వెనక్కి చాపి, పడవ దిగి, నీటి మీద నడిచి సీసా గోడెక్కింది. పుట్టి నిమిషాలు కాలేదు, నీటి మీద నడిచింది! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దోమని చూసి ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఒళ్ళు గట్టిపడటానికి మర్నాటి వరకూ ఉంచి, అక్క మందు పెట్టి దాన్ని నిద్రపుచ్చినట్టే చంపింది. "ఇంతా చేసి చంపుతావా?" అన్నాను ఉండబట్టలేక. "వదిలేస్తే ఆయనది ఎప్పటికీ 'తెలియదు'గానే ఉండిపోతుందిరా" అంది. సొరుగులోంచి బావ దోమని తీసి పక్కన పెట్టింది. ఆఫీసరు గారు రెంటినీ మార్చి మార్చి చూశారు. నీలం అదే, తొండం వంపు అదే, వీపు మీది పొలుసులు అవే. వెనక కాలి పట్టీని పుస్తకంలో బొమ్మలతో పోల్చి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ ఆయన దోమే, సందేహం లేదు. కానీ కొత్తరకం కాదమ్మా. ఎప్పటినుంచో తెలిసినదే. చాలాచోట్ల ఉంది. తొర్రల్లోనూ ఉంటుంది, టైర్లలోనూ ఉంటుంది. ఎదగడానికి వారాలు పడుతుంది కాబట్టి ఎవరూ కదపని నీళ్ళు కావాలి, అంతే."

నేను అక్క మొహం చూడలేకపోయాను. బావ ఆశంతా కొత్తరకమనే కదా. అక్క మాత్రం ఆ మాట పట్టించుకున్నట్టే లేదు. "ఎవరూ కదపని నీళ్ళా?" అని నెమ్మదిగా అంది. నా వైపు తిరిగింది. నాకూ అప్పుడే తట్టింది.

"ఆదివారం ఆదివారం" అంది అక్క. "తన చేత్తోనేరా. చెట్టు చెట్టూ వెతికాడు. ఆదివారం వచ్చి దాని పిల్లల్ని తన చేత్తోనే కాలవలో పోసేవాడు. ఆ రోజు అది వాలింది కూడా గుడ్లు పెట్టడానికే అయ్యుంటుంది. నీళ్ళన్నీ అప్పుడే ఒంపేసి, టీ తాగుతూ కూర్చున్నాడు మహానుభావుడు!" నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఏడ్చింది. ఆఫీసరు గారు మంచినీళ్ళు తెచ్చిపెట్టి బయటికి వెళ్ళిపోయారు. తేరుకున్నాక అక్క "రకం తెలియదు" అన్న చీటీ తీసేసి, పేరు రాసిన కొత్త చీటీ బావ పిన్నుకి గుచ్చింది.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే టైర్లు ఒంపేది నేనే. చొక్కా చేతులు మడిచి, వరసగా, అడుగున ఉన్నదాన్ని కూడా వదలను. మూలనున్న ట్రాక్టరు టైరొక్కటి తప్ప. దాన్ని అమ్మలేదు. "దాన్ని ముట్టుకోకు, నేను చూసుకుంటా" అంది అక్క. వారం వారం వచ్చి గరిటెతో దాన్లో నీళ్ళు తోడి చూసి, మామూలు దోమ పిల్లలు కనిపిస్తే ఏరేసి, ఆ నీళ్ళు మళ్ళీ అందులోనే పోసి వెళుతుంది. మళ్ళీ కొట్టుకి రావడం అలా మొదలైంది.

మొన్న మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేరు. ఆ టైరు నోటి దగ్గర గాల్లో నీలంగా ఏదో తిరుగుతోంది. వాలలేదు. పైకి లేస్తూ కిందికి దిగుతూ చిన్న చిన్న సున్నాలు చుడుతోంది. సున్నా చుట్టినప్పుడల్లా తోక విదిలించి, ఎగురుతూనే, ఆ చీకటి నీళ్ళలోకి గుడ్డు విసురుతోంది. నీటిని తాకనైనా తాకకుండా, గురి తప్పకుండా! నా చెయ్యి లేవలేదు. వెనక కాళ్ళు రెండూ ఉన్నాయి, తెల్లపట్టీలతో సహా. మెల్లిగా జేబులోంచి ఫోను తీసి, గుసగుసగా చెప్పాను.

"అక్కా, బావ దోమ వచ్చింది."

"గ్లాసు బోర్లించలేదు కదా?" అంది.

"లేదక్కా."

"నీళ్ళు ఒంపలేదు కదా?"

"లేదు."

"వస్తున్నా, కదలకు" అంది. అక్క వచ్చే దాకా నేను కదల్లేదు.